నీళ్లు కట్టేయండి

ఏకాదశి

ఈ పుస్తకంలో పోటు ఎంత ఎక్కింది, ఎప్పుడు తీసింది అన్న రెండు ముక్కలే రాయాలని రూలు. ఇవాళ ఆ రూలు గోదాట్లో కలవనీ. మా బావ షట్టరు గదిలో ఇరుక్కుపోయాడు. ప్రాణంతోనే ఉన్నాడు. ఎక్కడో ఒకచోట రాయకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. గవ్వలంకలో ప్రభుత్వం అంటే నేనొక్కదాన్నే. పేరు గుబ్బల సత్యవేణి, హోదా ఆజ్ఞాధికారి. మిగతావన్నీ కంపెనీలవే. డాక్టరు, పంతులు, పోలీసు, తాసీల్దారు, అందరూ కాంట్రాక్టు మీద పడవెక్కి వచ్చి దిగేవాళ్లే. ఆగస్టు పదిహేనుకి జెండా ఎగరేయడానికి కూడా కంపెనీ మనిషే వస్తాడు. ఎగరేసి, ఫోటో తీసుకుని, జెండా మడతపెట్టి పట్టుకుపోతాడు. ప్రభుత్వం ఎవరికీ అప్పగించనిది ఆజ్ఞ ఒక్కటే.

ఇప్పుడు సముద్రం కంటే మా పొలాలే పల్లం. చుట్టూ గట్టు, గట్టుకి ఒక షట్టరు, లోపలి ఊట తోడడానికి పంపులు. ఆటు సమయంలో షట్టరు దానంతటదే లేచి కాలవ నీటిని బయటికి వదిలేస్తుంది. పోటు తగిలే ముందు దాన్ని దించమని ప్రభుత్వం మనిషి నోటితో చెప్పాలి. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లూ, నేనూ గట్టు మీది యంత్రం ముందు నిలబడి చెప్పే మాట ఒకటే. నీళ్లు కట్టేయండి. నా ఉద్యోగం మొత్తం ఇంతే.

మా బావ, అంటే నా మొగుడు ఏడుకొండలు, షట్టరు కంపెనీలో గుర్రపుడెక్క తీసే కూలి. షట్టరు వెనక, గట్టు కింద ఒక గది ఉంది. కాలవలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క అక్కడ జల్లెడకి అడ్డం పడుతుంది. షట్టరు దిగాక ఇనప తలుపు తీసుకుని లోపలికి వెళ్లి దాన్ని ఎత్తిపోస్తాడు. నిన్నటితో పాత కంపెనీ గడువు తీరింది. కొత్త కంపెనీ తన యంత్రం బిగించుకునే పని మీద పొద్దుటి నుంచీ షట్టరు దించే ఉంచింది. ఊరికే కూర్చోవడమెందుకని బావ గదిలోకి దిగాడు. షట్టరు దించి ఉన్నా సరే, పోటుకి ముందు మాట చెప్పడం రూలు. వెళ్లి చెప్పాను.

కీచుమంటూ షట్టరు పైకి లేచింది. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. పోటు నీరు గదిలోకి దూకిన చప్పుడు విన్నాక "దించండి, దించండిరా నాయనా" అని గొంతు చించుకున్నాను. దించింది. కానీ గుర్రపుడెక్క గుట్ట అడుగున ఇరుక్కుని షట్టరు పూర్తిగా కూర్చోలేదు. ఈలోగా ఊళ్లోకి నీరు రాకుండా కాలవ వైపు పలకా, ఇనప తలుపూ బిగుసుకుపోయి, తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది.

నీటి ఎత్తు చూడటానికి గట్టు మీద నుంచి గదిలోకి చేతి మణికట్టంత గొట్టం ఒకటి ఉంది. దానికి నోరు ఆనించి పిలిచాను.

"బావా! ఉన్నావా?"

"ఉన్నానే. అరుగెక్కి కూచున్నాను. నువ్వు కట్టేయమన్నావా, ఎత్తేయమన్నావా?"

"కట్టేయమనే అన్నాను. నీ మీదొట్టు."

"నా మీదొట్టెయ్యకే తల్లీ. నా పరిస్థితి అసలే బాలేదు."

ఏడుస్తూనే నవ్వాను. అప్పుడు యంత్రం తన తియ్యటి గొంతుతో చెప్పింది. ప్రమాద ముద్ర పడిందట. విచారణ ముగిసేదాకా తలుపు తెరవరాదట. ఎవరైనా ముద్ర పగలగొడితే ఒప్పందం రద్దయి పంపులతో సహా సేవలన్నీ ఆగిపోతాయట. సహకరించినందుకు ధన్యవాదాలట.

ద్వాదశి

పొద్దున్నే గొట్టంలోంచి గంజి పోశాను. కింద హెల్మెట్ పట్టి తాగాడు. ఉప్పెక్కువైందన్నాడు. చుట్టూ సముద్రం పెట్టుకుని గంజిలో ఉప్పెక్కువైందంటాడు చూడండి.

పోటుకి నీళ్లు అరుగు అంచుని తాకాయి. ఆటుకి కొంత తీశాయి. పున్నమి దాకా ప్రతి పోటూ ముందుదాని మీద ఎక్కుతుంది. పున్నమి సాయంత్రం పోటుకి నీళ్లు గది కప్పుని మించుతాయి. లంకలో చంటిపిల్లకి కూడా తెలిసిన లెక్క ఇది, బావకి తెలియదా. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

జిల్లాకి ఫోన్ చేశాను. కలెక్టరు సేవల కంపెనీ ఎత్తింది. ఎంతో మర్యాదస్తురాలు ఆ అమ్మాయి.

"విచారణ జరిపించండమ్మా. మా ఆయన లోపలున్నాడు" అన్నాను.

"తప్పకుండా మేడమ్. విచారణ కంపెనీని పెట్టాలంటే టెండరు పిలవాలి. టెండర్లు రాసే కంపెనీ గడువు ఉగాదితో అయిపోయింది మేడమ్."

"పొడిగించండి."

"పొడిగించాలంటే సలహా సేవల కంపెనీ నివేదిక ఇవ్వాలి మేడమ్. ఆ కంపెనీని పెట్టడానికి టెండరు పిలవాలి."

నా ఒళ్లు మండిపోయింది. "అసలు మీ దగ్గర ప్రభుత్వం మనిషి అనేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఉంటే వాళ్లకివ్వండి ఫోను" అని అరిచాను.

కాసేపు వెతికినట్టుంది. "మా రికార్డులో మీరే ఉన్నారు మేడమ్" అంది.

ఆ అమ్మాయి చేసిన మేలు ఒక్కటే. షట్టరు కంపెనీ ఒప్పందంలోనే తొలి విచారణ అనేది ఒకటి ఉంటుందని, దానికి టెండరు అక్కర్లేదని, మనిషిని పడవ మీద పంపిస్తారని చెప్పింది. ఎప్పుడని అడిగితే వీలైనంత త్వరగా అంది.

త్రయోదశి

బంగారమ్మత్త కొడుకులు గునపాలు పట్టుకొచ్చారు. మా ఇంటి వెనకిల్లే వాళ్లది. లంకలో సగం మంది వాళ్ల వెనకే గట్టెక్కారు. "నువ్వు పక్కకి జరగొదినా, కంపెనీ లేదు గింపెనీ లేదు" అని పెద్దాడు తలుపు మీద ఒక్క పోటు పొడిచాడు. తలుపుకి గీత కూడా పడలేదు. లంకలో పంపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు చెవుల్లో ఉన్నవాళ్లం. అది ఆగిపోయేసరికి అందరి తలలూ పంపుల వైపు తిరిగాయి. "ఇది హెచ్చరిక మాత్రమే" అంది యంత్రం. కళ్ల ముందే కాలవలో ఊట ఎక్కింది. అన్నిటికంటే పల్లంలో ఉన్నది బంగారమ్మత్త నారుమడి. ఉప్పునీరు మడిగట్టు పగుళ్లలోంచి దాంట్లోకి జారడం చూసి కొడుకులు గునపాలు కింద పెట్టేశారు. కాసేపటికి పంపులు మళ్లీ తిరిగాయి.

అందరూ దిగిపోయాక బంగారమ్మత్త నా పక్కన కూచుంది.

"కోపం తెచ్చుకోకే సత్యా. ఏడుకొండలు నా చేతుల్లో పెరిగినోడు. కానీ పంపులాగిపోతే లంకంతా ఉప్పుమడై కూచుంటాది. పిల్లలు గలోళ్లం."

"నేనేమన్నానత్తా?"

"ఏమీ అన్లేదు. నీ మొహం అంటంది."

గొట్టం దగ్గరికి వెళ్లి బావకి చెప్తే, "ఆవిడ చెప్పింది రైటే" అన్నాడు. "ముద్ర జోలికెళ్లకండి. నువ్వసలే గవర్నమెంటువి. ఊరు ముంచి నన్ను తీత్తానంటే నేనే రాను." గొంతు బొంగురుపోయింది. దగ్గుతున్నాడు. పోటుకి నడుము దాకా తడుస్తున్నాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. విచారణ వాళ్లేమోనని పరిగెత్తి ఎత్తాను. సంతాప సేవల కంపెనీ. "విధి నిర్వహణలో భర్తను కోల్పోయిన మీ దుఃఖంలో ప్రభుత్వం పాలుపంచుకుంటోంది" అని మొదలెట్టింది. పనిలోకి రాని కూలిని పోయినట్టు లెక్కేసుకున్నారన్నమాట.

"ప్రభుత్వం నేనేనే! నా దుఃఖంలో నేను పాలుపంచుకుంటున్నానా? ఆయన బతికే ఉన్నాడే దరిద్రపు మొహమా!" అని ఫోన్ విసిరికొట్టాను. తర్వాత చాటలో వేసుకుని అద్దం ముక్కలు ఏరుకున్నాను. ఇంకా పనిచేస్తోంది, పాపం.

బావకి ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను. ఉండబట్టలేక చెప్పేశాను. నవ్వాడు. "అయితే భోజనాలెప్పుడంట?" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. గొట్టం మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను, కిందికి వినపడకుండా.

చతుర్దశి

తొలి విచారణ మనిషి వచ్చాడు. పేరు ఓబులేసు. రాయలసీమ కుర్రాడు, నీళ్లంటే భయం, పడవలో కక్కుకుని వచ్చాడు. మొహం కడుక్కోమని చెంబుతో నీళ్లిచ్చాను. కడుక్కుని, తలుపు చూసి, గొట్టంలోంచి బావని పలకరించి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"యంత్రంతో మీరేమని చెప్పినారక్కా?"

"రోజూ చెప్పేదే. నీళ్లు కట్టేయండి అన్నాను."

రాసుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. "నీళ్లు కట్టమంటే అది ఇంగేం జేస్తాదక్కా? మా తావ సేనుకు నీళ్లు కట్టేదంటే నీళ్లు ఇడిసేదే గదా. మా నాయన దినామూ నీళ్లు కట్టేదానికే పోతాండె."

మా వైపు కుళాయి కట్టేయమంటే ఆపమని. పొయ్యి కట్టేయమన్నా అంతే, నీళ్లయినా అంతే. చేలోకి నీళ్లు మేం పెడతాం, వాళ్లు కడతారట. పాత కంపెనీ యంత్రం మా మధ్యనే మాటలు నేర్చుకుంది. కొత్తదానికి నేర్పే కాంట్రాక్టు వీళ్ల ఊరి పిల్లలు తీసుకున్నారట. మాకు ఆపమన్న మాట వాళ్లకి వదలమని వినపడింది, అంతే జరిగింది. ఎవరి మీద పడి ఏడవను?

"సరే నాయనా, అదే రాయి. రాసి తలుపు తెరిపించు."

"తెరిచేది నా పనిలో లేదక్కా. నాది కారణం రాసేంత వరకే. తెరిపిచ్చేది ఆఖరి విచారణోళ్లు. దానికి..." అని తల దించుకున్నాడు.

"టెండరు పిలవాలి."

"అవునక్కా."

"నీ ఇల్లు బంగారం కాను! రేపు పున్నమిరా! రేపు సాయంత్రానికి కప్పు దాకా నీళ్లొస్తాయి!" నేను తిడుతున్నంతసేపూ కదలకుండా కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి వాడికి. తర్వాత నా ఫోన్ అడిగాడు. పగిలిన అద్దం మీద వేలు తోస్తూ ఫోన్లో నిలవ ఉన్న సంతాపం కబురు మొత్తం విన్నాడు. నేను సగంలో విసిరికొట్టానుగా, మిగతా సగం అప్పుడు విన్నాను.

కారుణ్య నియామకం కింద చనిపోయిన కార్మికుడి ఉద్యోగం భార్యకి ఇవ్వబడునట. గవ్వలంక షట్టరు గది, గుర్రపుడెక్క కూలి, ఖాళీ. భార్యకి తప్ప వేరెవరికీ ఇవ్వబడదట.

"విచారణకైతే ఆ తలుపు తెరసదు గానీ, కూలి మనిషి డూటీకొస్తే తెరుస్తాదక్కా" అన్నాడు ఓబులేసు నెమ్మదిగా. "ముద్ర ఒక కంపెనీది, పని ఇంగొక కంపెనీది. పని మొదులైతే ముద్ర పోతాది. ఒకదానికి ఇంగొకటి తెలీదు." ఇంకా ఏదో చదివి మొహం వాడిపోయింది. "గవర్నమెంటు ఉద్యోగముండే వాళ్లకు ఈరంట."

పడవ ఎక్కేటప్పుడు నా కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. వద్దన్నాను.

పౌర్ణమి

పొద్దుటి పోటుకి నీళ్లు బావ మెడ దాకా వచ్చాయి. అరుగు మీద నిలబడి, కప్పుకి మొహం ఎత్తి పెట్టుకుని గడిపాడు. ఇప్పుడు ఆటు మొదలైంది. సాయంత్రం పోటుకి ఊపిరి తీసుకునే చోటుండదు.

రాజీనామా ఇచ్చేశాను. ఎవరికి పంపాలో తెలియక వెతికితే, ఈ లంకలో ప్రభుత్వ ఉద్యోగి రాజీనామాని ఆమోదించాల్సింది ఈ లంకలోని ప్రభుత్వాధికారే అని ఉంది. ఇచ్చిందీ నేనే, ఒప్పుకున్నదీ నేనే. అక్కడితో గవ్వలంకలో ప్రభుత్వం అయిపోయింది. కొత్తవాళ్లని చేర్చుకోవడం నాతోనే మానేశారు.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పలేదు. పని మొదలై ముద్ర పోతే కాలవ పలక తెరుచుకుని షట్టరు మళ్లీ తన వరసలో పడుతుంది. ఆటుకి లేస్తుంది. పోటుకి ముందు దించమని ప్రభుత్వం చెప్పేదాకా దిగదు. చెప్పడానికి ప్రభుత్వం లేదు. ఏడాదిలో పెద్ద పోటు ఇవాళే. డాబాలున్నాయి, పడవలున్నాయి, ప్రాణాలకేం కాదు. పొలాలు మాత్రం పోతాయి. ఉప్పు దిగిన నేల మళ్లీ పండాలంటే ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలుసు. బంగారమ్మత్త ఇంటికి వెళ్దామని గుమ్మం దాటి, మళ్లీ వెనక్కి వచ్చాను. అడగలేదు. అడగడానికి భయమేసింది.

"ఎలా తీత్తారంట?" అని గొట్టంలోంచి అడిగాడు బావ. మాట ముద్దముద్దగా వస్తోంది.

"కంపెనీ ఒప్పుకుంది బావా. మనిషిని పంపిస్తోంది."

"ఊరికేం ఇబ్బంది లేదుగా?"

"లేదు."

"ఒట్టు?"

"నీ మీద ఒట్లు వద్దన్నావుగా" అన్నాను.

కొత్త ఉద్యోగానికి ఒప్పుకుంటున్నట్టు ఫోన్ మీద వేలు నొక్కాలి. దాని పైన ఒక్కటే వాక్యం. నా భర్త గుబ్బల ఏడుకొండలు మరణించినాడని ధ్రువీకరిస్తున్నాను. నుదుటి బొట్టు మీద ఒక చెయ్యి వేసుకుని రెండో చేత్తో నొక్కాను. వెళ్తున్నాను.

పాడ్యమి

ఈ పుస్తకంలో రాసే హక్కు నాకిప్పుడు లేదు. అయినా రాస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. "విధులకు స్వాగతం" అంది. నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి, గుర్రపుడెక్క కుళ్లిన కంపు. బావ అరుగు మీద ముడుచుకుని ఉన్నాడు. ఒళ్లంతా తెల్లగా నాని, చేతులు పట్టుకుంటే తోలు ఊడివచ్చేలా ఉంది. కంపెనీ మనిషి కోసం నా వెనక్కి చూస్తున్నాడు. వీపు మీద వేసుకుని మెట్లెక్కాను. ఎలా ఎక్కానో నాకే తెలియదు. మేం బయటికి రాగానే తలుపు మూసుకుంది. పని పూర్తయినట్టు లెక్కేసుకుని కాలవ పలకా, షట్టరూ లేచాయి.

గట్టు మీద ఎండలో పడుకోబెట్టి ఒళ్లంతా రుద్దుతూనే ఉన్నాను. పొద్దు వాలింది. ఆటు పోయి పోటు మొదలైంది. "ప్రభుత్వ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నాము" అంది యంత్రం.

"చెప్పవే సత్యా" అన్నాడు బావ కళ్లు మూసుకునే. "దించమని చెప్పు."

లేచి వెళ్లి చెప్పాను. దించండి. నీళ్లు ఆపండి. దణ్ణం పెడతాను దించండి. ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగానూ చెప్పాను. "మీరు కార్మికురాలు. ఆజ్ఞ ఇచ్చే అర్హత లేదు" అంది. అన్నిసార్లూ అదే మాట, అదే తీపి. బావ కళ్లు తెరిచి నా వైపు చూశాడు. ఏం జరిగిందో నేను చెప్పనక్కర్లేకపోయింది. మొహం అటు తిప్పుకున్నాడు. అప్పుడు గట్టు మీది ప్రమాద గంట కొట్టాను. జనం డాబాలెక్కేశారు. గొడ్లని గట్టెక్కించారు. ఎవరూ పోలేదు, ఆ మాట ముందు రాయాలి. పొలాలన్నీ పోయాయి.

తెల్లారేసరికి లంకంతా నీళ్లు మెరుస్తున్నాయి. బావకి జ్వరం. గంజి తాగాడు గానీ నాతో మాట్లాడలేదు.

ఫిర్యాదు చేయాలని జనం అలవాటు చొప్పున ఎత్తరుగు మీదున్న మా గుమ్మానికే వచ్చారు. నడుముల్లోతు నీళ్లలో పడవల మీద వచ్చారు. ప్రభుత్వం లేదని చెప్పాను. "మరి ఎవర్ని తిట్టాలే?" అని అరిచాడు బంగారమ్మత్త పెద్దకొడుకు. నన్నే తిట్టండన్నాను. తిట్టారు. నేను పుట్టినప్పుడు పురిటి స్నానం పోసిన చేతులు కూడా దుమ్మెత్తిపోశాయి. నిలబడి అన్నీ విన్నాను.

అందరూ వెళ్లాక బంగారమ్మత్త ఒక్కత్తే మిగిలింది. పడవ దిగి లోపలికి వచ్చి బావ నుదురు తాకి చూసింది. ఆమె చీర కుచ్చెళ్ల నుంచి ఉప్పునీరు కారుతోంది. నారుమడి సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఒక్క మాట అడగలేకపోయావటే సత్యా?" అంది.

నేను బావ నుదుటి మీద తడిగుడ్డ వేశాను.

"అడిగితే వద్దంటామనుకున్నావా?"

"అవునత్తా. అనుకున్నాను."

బావ మీది దుప్పటి జారిపోతే ఆమె మళ్లీ మెడ దాకా లాగి కప్పింది.

"అనేవాళ్లమేనే" అంది.